నాలుగో పాఠం దాటని భానుమత్త

ఈ లోకంలో భానుమత్తకు ఒక్క ప్రశ్నే ఉండేది, అదీ ఫ్రెంచిలో. "కెస్ కె వూ ఫెత్ స వికెండ్?" అంటే, ఈ శని ఆదివారాలు మీరేం చేస్తున్నారు అని. డర్బన్ నగరం ఓవర్‌పోర్ట్ పేటలో ఆ ప్రశ్న బారిన పడని మనిషి లేడు. రొట్టెల బండివాణ్ణి అడిగేది. పళ్ల డాక్టరు తన నోట్లో ఇనుప పరికరం పెట్టి ఉండగానే అడిగేది. హోమం చేయిస్తున్న పంతులుగారు ఆహుతికీ ఆహుతికీ నడుమ ఊపిరి పీల్చుకునే సందు చూసుకుని అడిగితే, ఆయన స్వాహా అనబోయి "క్రికెట్ చూస్తానమ్మా" అన్నాడు. ఒకసారి శ్మశానంలో పోయినాయన బావమరిదిని అడిగింది. అతను ఏడుపు ఆపి ఆలోచనలో పడ్డాడు, తర్వాత మళ్లీ ఏడవడం మరిచిపోయాడని బంధువులు చాలాకాలం నిష్ఠూరమాడారు.

ఎర్రదీపం దాటిందని ఆమె పాత ఫోక్స్‌వ్యాగన్ కారును ఆపిన ఆఫ్రికానర్ తెల్ల పోలీసుకూ అదే గతి పట్టింది. అద్దం దించీ దించగానే అడిగింది. ఆయన అర్థం చెప్పించుకుని, టోపీ తీసి, చేపలు పట్టడానికి పోతాననీ, పెళ్లాం రానంటుందనీ, ఒంటరిగా గాలం పట్టుకు కూర్చోవడం కష్టంగా ఉంటుందనీ చెప్పుకుని, జరిమానా రాయకుండానే వెళ్లిపోయాడు.

"నేరం చేసింది నువ్వు, సాక్ష్యం చెప్పింది అతనూనా అత్తా?" అంది పక్క సీటులో ఉన్న కిమంత.

"ఈ దేశంలో ఎవరైనా నువ్వెక్కడికి పోతున్నావు, ఏం చేస్తున్నావు అని అడిగితే చేతిలో లాఠీ ఉంటాదే పిల్లా. ఇంగ్లీషులో అడిగినా భయమే, జూలూలో అడిగినా భయమే. అందుకే ఫ్రెంచిలో అడుగుతాను. ఫ్రెంచికి ఎవరూ భయపడరు" అంది భానుమత్త, రెండో గేరులోనే కారును ముందుకు దూకిస్తూ.

కిమంతకు అప్పుడు ఇరవై నాలుగేళ్లు. న్యాయశాస్త్రం పూర్తిచేసి ఒక లాయరుగారి దగ్గర శిక్షణలో ఉండేది. కెటిల్‌లో నీళ్లు మరగడం కూడా ఆమెకు వాయిదా వేసినట్టే అనిపించేది. దేశానికి కొత్త రాజ్యాంగం రాబోతోంది, మూసిన తలుపులన్నీ తెరుచుకోబోతున్నాయి, ప్రపంచంలోని పెద్ద పెద్ద న్యాయసభలు ఫ్రెంచిలో మాట్లాడతాయి. అలాంటప్పుడు తనకు ఆ భాష రాకపోవడం ఆమెకు దేశద్రోహంలాగే తోచింది. పేటలో ఫ్రెంచి చెప్పేది దూరపు చుట్టమైన భానుమత్త ఒక్కతే. మారిషస్‌లో పుట్టి, ఓడ ఎక్కి డర్బన్‌కు కోడలిగా వచ్చిన మనిషి. ఆ భాష ఆమెకు ఎంత వచ్చునో మాత్రం ఎవరికీ తెలియదు.

గురువారం సాయంత్రం యెల్లప్పగారి బట్టల కొట్టు మీది గదిలో తరగతి. అట్ట ఊడిన ఒక పాఠ్యపుస్తకం. మొదటి మూడు పాఠాలు మూడు వారాల్లో ఎగిరిపోయాయి. పేరు, ఊరు, ఇంట్లోవాళ్లు. నాలుగో పాఠం, శని ఆదివారాలు. అక్కడికి వచ్చి బండి ఆగింది. ఏడాది గడిచింది, బండి కదలలేదు.

తరగతికి రెండు కట్టుబాట్లు ఉండేవి. ఒకటి, గడప దాటి లోపలికి వచ్చాక ఫ్రెంచి తప్ప మరో భాష పనికిరాదు. రెండోదే ప్రాణాంతకమైనది. ఫ్రెంచిలో ఏం చేస్తానని చెప్తే, ఆదివారం పొద్దుగుంకేలోపు అది చేసి తీరాలి.

ఈ రెండో కట్టుబాటు యెల్లప్పగారి కొంప ముంచింది. ఆయనకు ఫ్రెంచి మాటల్లో నోరు తిరిగేది ఒక్కటే, "జ మోంత్ అ షవాల్." గుర్రపు స్వారీ చేస్తాను అని. సులువుగా ఉంది కదా అని ఒక గురువారం హుందాగా చెప్పేశాడు. ఆదివారం ఉదయం భానుమత్త కారు హారను మోగించింది. అరవై మూడేళ్ల మనిషి, జీవితంలో బట్టల తాను తప్ప మరేమీ ఎక్కి ఎరగనివాడు, ఊరి బయట గుర్రాల శాలలో నిచ్చెన వేసి పైకెత్తబడ్డాడు. గుర్రం నాలుగడుగులు వేసి, మెడ తిప్పి ఆయన్ను ఒకసారి చూసి, గడ్డి మేయడం మొదలుపెట్టింది.

"నన్ను చూసి అది సిగ్గుపడిందమ్మా" అన్నాడాయన దిగాక. "దానికన్నా ఎక్కువ నేను సిగ్గుపడ్డాను."

"బాగుందా లేదా, అది చెప్పు."

ఆయన చాలాసేపు ప్యాంటు దులుపుకున్నాడు. "చిన్నప్పుడు మా నాన్న చెరుకుతోటలో దొరగారి గుర్రాన్ని తోమేవాడు. ఎక్కితే ఎలా ఉంటుందని ఒకసారి అడిగాను. చెంప మీద కొట్టాడు" అన్నాడు. తర్వాత గొంతు సవరించుకుని, "వచ్చే ఆదివారం కూడా ఫ్రెంచిలో చెప్పాలా, ఊరికే రావచ్చా?" అని అడిగాడు.

కిమంత కూడా దెబ్బ తింది. తొందరగా తేల్చేద్దామని "జ వే అ ల ప్లాజ్" అంది, సముద్రతీరానికి పోతానని. ఆదివారం ఆరింటికే హారను. కేసు కాగితాలు చదవాలని ఆమె ఎంత మొత్తుకున్నా తువ్వాలు చుట్టి కారులో పడేశారు. కొన్నేళ్ల కిందటి దాకా తెల్లవాళ్లకు మాత్రమే అని బోర్డు ఉన్న ఇసుకలో భానుమత్త చీర మోకాళ్ల దాకా ఎత్తి నిలబడి, "ఆ కెరటం చూడవే, ఎవరి కాళ్లన్నది చూసుకోకుండా వచ్చేస్తంది" అని గంటసేపు కదల్లేదు. కిమంత పూర్తిగా తడిసింది, కాగితాలు కొంత తడిశాయి. ఆ తర్వాత ప్రతి గురువారం "జ త్రవాయ్" అనేది, పనిచేస్తాను అని. అది అబద్ధమూ కాదు, దానికి కారూ అక్కర్లేదు.

అలా "జ త్రవాయ్" అనేవాళ్లు తరగతిలో ఇంకొకరు ఉండేవారు. ఆమె పేరు రోజ్.

రోజ్ అసలు చదువుకోవడానికి వచ్చిన మనిషి కాదు. డోరీన్ ఆంటీ ఇంట్లో పనిచేసే జూలూ మనిషి, ఆ ఇంటి పెరటి గదిలోనే కాపురం. పేరు ఇంగ్లీషుదైనా తెలుగింటి ఆడపడుచైన డోరీన్ ఆంటీ, తన పెళ్లయి పాతికేళ్లు నిండే వెండి పండుగ తర్వాత పారిస్ చూడాలని ఫ్రెంచిలో చేరింది. కొట్టు పక్క మెట్లు చీకటిగా ఉంటాయని రోజ్‌ను తోడు తెచ్చుకునేది. మొదటి గురువారం రోజ్ మెట్ల మీద కూర్చుంటే భానుమత్త తలుపు తీసి చూసింది.

"నా తలుపు బయట ఎవరూ కూర్చోరు. లోపలికి రా అమ్మా. కుర్చీ ఉంది."

ఆ కుర్చీ డోరీన్ ఆంటీ పక్కదే. కనుక ప్రతి గురువారం ప్రశ్న ఆ వరుసలోనే వచ్చేది. డోరీన్ ఆంటీ నాటకానికి పోతానని, స్నేహితురాళ్లతో టీ తాగుతానని, తోటలో విశ్రాంతి తీసుకుంటానని నవ్వుతూ చెప్పేది. తర్వాత రోజ్, భానుమత్తను అమ్మా అనే అర్థంలో "మా" అని పిలుస్తూ. ఏ వారమూ మారని జవాబు. "జ త్రవాయ్."

"శనివారం?" అని ఫ్రెంచిలో భానుమత్త.

"జ త్రవాయ్, మా."

"ఆదివారం?"

"జ త్రవాయ్, మా."

భానుమత్త తల ఊపి, పుస్తకం మూసి, "వచ్చే వారం మళ్లీ ఇదే పాఠం" అనేది. కిమంత పళ్లు నూరేది. అత్తకు ఐదో పాఠం రాదనే పేటంతా నమ్మింది, కిమంత కూడా నమ్మింది. నమ్మి కూడా, లేని కోర్టులో అప్పీలు చేసుకున్నట్టు ప్రతి వారమూ గడప బయటికి రాగానే అడిగేది.

"అత్తా, పేజీ తిప్పుదాం."

"తిప్పుదాం. ఈ పాఠం అందరికీ వచ్చాక."

"అందరికీ నిద్రలో కూడా వచ్చు."

"రాలేదే. ఒకరికి రాలేదు" అనేది భానుమత్త, ఎవరికన్నది మాత్రం చెప్పేది కాదు. కిమంత యెల్లప్పగారి వైపు గుర్రుగా చూసేది. ఆయన గుర్రాన్ని తలుచుకుని తల వంచుకునేవాడు.

తొంభై నాలుగు ఏప్రిల్‌లో, ఎన్నికలు నాలుగు రోజులున్నాయనగా, పోలింగు చూడటానికి విదేశాల నుంచి వచ్చిన పరిశీలకులు పేటంతా తిరుగుతున్నారు. వాళ్లలో ఒక ఫ్రెంచావిడ ఎండకు తాళలేక నూలు గుడ్డ కొనుక్కోవడానికి యెల్లప్పగారి కొట్టులోకి వచ్చింది. అక్కడ ఓటర్లకు కాగితాలు పంచుతున్న కిమంత పంచడం ఆపేసింది. ఎందుకంటే భానుమత్త అప్పటికే కుర్చీలోంచి లేచింది.

ప్రశ్న పడనే పడింది. వచ్చినావిడ ఆశ్చర్యపోయి, ఎన్నికలు చూస్తానని జవాబు చెప్పింది. ఇక పరువు పోయిందనుకుని కిమంత కళ్లు మూసుకుంది. మళ్లీ తెరిచేసరికి భానుమత్త మాట్లాడుతూనే ఉంది. గుడ్డ నేత గురించి, మారిషస్‌లో, పోర్ట్ లూయీలో తను చదివిన కాన్వెంటు గురించి, తెలుగు ఇంటి పులుసులో చింతపండు ఎంత వెయ్యాలో, ఓటు వెయ్యడానికి అరవై నాలుగేళ్లు ఆగడం ఎలా ఉంటుందో, అన్నీ గలగలా, నీళ్లు పారినట్టు ఫ్రెంచిలో. ఫ్రెంచావిడ నవ్వింది, కళ్లు తుడుచుకుంది, భానుమత్త రెండు చెంపలూ ముద్దుపెట్టుకుని వెళ్లింది. గుడ్డ కొనడం మరిచిపోయింది.

"నీకు మొత్తం వచ్చు" అంది కిమంత. నేరారోపణ చదువుతున్న గొంతు అది.

"రాకేం."

"మరి ఏడాదిగా మమ్మల్ని నాలుగో పాఠంలో ఎందుకు కట్టేశావు?"

"నా తరగతిలో అయిదుగురం కూర్చుంటాం. శని ఆదివారాలేం చేస్తావని అడిగితే, నలుగురి దగ్గర జవాబుంది. ఒకమ్మ దగ్గర లేదు. ఆమెను అక్కడ వదిలేసి మనం ఐదో పాఠానికి ఎలా ఎల్తామే? పక్క కుర్చీలో కూచున్న డోరీన్ చెవిలో ఆ జవాబు పడాలి. పడుతూ ఉండాలి. మంచి మనిషే అది. కానీ దాని చెవి కొంచెం ఆలస్యం."

కిమంతకు ఒళ్లు మండింది, తన మీదే. పక్కనే వింటూ, ఆ జవాబును తన చెవిలోనూ పడనివ్వలేదు. కానీ బాధపడుతూ కూర్చోవడం ఆమెకు చేతకాదు. "ఈ జనవరి నుంచి పనిగంటల చట్టం ఇంటిపని చేసేవాళ్లకూ వర్తిస్తుంది అత్తా. ఆదివారాలకు లెక్క ఉంది, సెలవుకు లెక్క ఉంది. సోమవారం డోరీన్ ఆంటీకి నోటీసు పంపిస్తాను."

"పంపు. డోరీన్ చదివి ఏడుస్తుంది, ఒక ఆదివారం ఇస్తుంది, నెల తిరక్కుండా ఇంకో పనిమనిషిని చూసుకుంటుంది. అప్పుడు రోజ్‌కి వారమంతా ఆదివారమే. ముందు ఆ రోజ్‌ను అడిగావా?"

అడగలేదు. మర్నాడు మధ్యాహ్నమే కిమంత డోరీన్ ఆంటీ పెరటి గేటు దగ్గర నిలబడింది. రోజ్ దుప్పట్లు ఆరేస్తోంది.

"సిసీ, నీ నోటీసు వద్దు" అంది రోజ్ ఇంగ్లీషులో, అంతా విని, చెల్లెల్ని పిలిచినట్టు. "మెడమ్ నన్ను తిట్టదు, కొట్టదు. నాకు శని ఆదివారాలు ఉంటాయన్న ఆలోచనే ఆమెకు రాదు, అంతే. నాకు ఒక్కటి కావాలి. లేడీస్మిత్‌లో మా అమ్మాయికి ఆడపిల్ల పుట్టింది. మే చివరి శనివారం ఆ పసిదానికి ఇంబెలెకో. మేకను కోసి, బిడ్డను మా పెద్దలకు చూపించే రోజు. వాళ్లు వచ్చి ఇదెవరి బిడ్డ అని అడిగితే చెప్పాల్సింది నేను. నేను లేకపోతే దాన్ని ఎవరూ పరిచయం చెయ్యరు."

"మెడమ్‌ను అడిగారా?"

"ఆ శనివారమే మెడమ్ వెండి పండుగ. నలభై మందికి భోజనం."

కిమంత నోటి చివర ఉన్న సెక్షన్లన్నీ మింగింది. "అయితే నన్నేం చెయ్యమంటారు?"

రోజ్ దుప్పటి అంచు లాగి సరిచేసింది. "మన తరగతిలో ఒకసారి చెప్పిన మాట జరిగి తీరాలి కదా. ముసలాయన గుర్రం ఎక్కాడు. నాకు ఇంకో వాక్యం నేర్పు."

తర్వాతి నాలుగు వారాలు కిమంత మధ్యాహ్నపు భోజనం డోరీన్ ఆంటీ పెరట్లో, దుప్పట్ల మాటున చేసింది. మధ్యలో ఎన్నికలు వచ్చాయి. రోజ్, భానుమత్త, డోరీన్ ఆంటీ ఒకే వరుసలో ఐదు గంటలు నిలబడి ఓటు వేశారు. అంత పొడుగు వరుసలోనూ రోజ్ పెదవులు కదులుతూనే ఉన్నాయి. అందరూ ప్రార్థన అనుకున్నారు.

వెండి పండుగకు ముందు గురువారం వచ్చింది. తరగతిలో ఫ్యాను తిరుగుతోంది. భానుమత్త పుస్తకం తెరిచి, ఎప్పటిలాగే, మొదటిసారి అడుగుతున్నంత ఆసక్తిగా అడిగింది. యెల్లప్పగారు గుర్రం అన్నాడు. డోరీన్ ఆంటీ విందు ఇస్తానంది. ప్రశ్న రోజ్ దగ్గరికి వచ్చింది.

రోజ్ లేచి నిలబడింది. ఇంతవరకు ఎవరూ నిలబడి జవాబు చెప్పలేదు.

"జ వే అ లేడీస్మిత్" అంది నెమ్మదిగా. "జ వే వ్వార్ మ పతీత్ ఫీయ్." లేడీస్మిత్ వెళ్తున్నాను, నా మనవరాలిని చూడబోతున్నాను.

డోరీన్ ఆంటీ సగం లేచి, "రోజ్, శనివారం మనింట్లో నలభై మంది..." అని ఇంగ్లీషులో మొదలుపెట్టింది.

"ఫ్రెంచిలో" అంది భానుమత్త.

"భానక్కా, ఇది పాఠం కాదు, నా..."

"గడప లోపల ఫ్రెంచిలోనే."

డోరీన్ ఆంటీ గబగబా పుస్తకం లాక్కుంది. కానీ ఏడాదిగా చదివింది నాలుగో పాఠమే. అందులో వీల్లేదు అనే మాట లేదు. సెలవు ఇవ్వను అనే మాటా లేదు. నాటకం ఉంది, టీ ఉంది, ఈత ఉంది, గుర్రం ఉంది. ఆమె వేలు పేజీ మీద పైనుంచి కిందికి, కిందినుంచి పైకి తిరిగింది. తిరుగుతూ తిరుగుతూ నెమ్మదించింది. ఆమె తల ఎత్తి రోజ్‌ను చూసింది. ఏడాది పాటు పక్క కుర్చీలోంచి వినపడిన జవాబు అప్పటికి చెవి లోపలి దాకా చేరినట్టుంది.

"నాకు చెప్పలేదేం" అంది, ఈసారి అచ్చ తెలుగులో. వాళ్ల అమ్మమ్మ గొంతు అది.

ఈసారి భానుమత్త కట్టుబాటు గుర్తుచెయ్యలేదు. రోజ్‌కు తెలుగు రాదు, అయినా అర్థమైంది. "ఇక్కడ తప్ప నన్నెవరూ అడగలేదు మెడమ్" అంది ఇంగ్లీషులో.

డోరీన్ ఆంటీ మళ్లీ పుస్తకంలోకి చూసింది. పేజీ అడుగున, ఎవరూ ఇంతవరకు వాడని వాక్యం మీద వేలు ఆగింది. ఊపిరి పీల్చుకుని, పారిస్ మొత్తానికీ వీడ్కోలు చెప్తున్నట్టుగా చదివింది. "జ... ఫే... ల వెస్సెల్." నేను అంట్లు తోముతాను.

"మ్వా ఓసీ" అంది కిమంత వెంటనే, నేనూ అని. ఆమె జీవితంలో తొందరపాటు పనికొచ్చింది ఆ ఒక్కసారే. యెల్లప్పగారు గుర్రాన్ని రద్దు చేసుకుని వంట చేస్తానన్నాడు. భానుమత్త కళ్లజోడు తీసి తుడుచుకుంటూ, చెప్పిన మాట జరగాలి సుమా అన్నట్టు అందరినీ ఒకసారి చూసింది.

శనివారం తెల్లవారుజామునే రోజ్ లేడీస్మిత్ ట్యాక్సీ ఎక్కింది. మధ్యాహ్నం నలభై మంది బ్రియానీ తిని, పారిస్ గురించి మాట్లాడి, ప్లేట్లు వదిలి వెళ్లారు. పట్టుచీర కొంగు నడుముకు దోపి డోరీన్ ఆంటీ గుండిగలో మోచేతుల దాకా దిగింది. కిమంత తుడుస్తోంది.

"ఇదంతా ప్రతి ఆదివారం అది ఒక్కతే చేస్తుందా?"

"మీ ఇల్లు. మీకే తెలియాలి ఆంటీ."

డోరీన్ ఆంటీ పీచుకు ఇంకాస్త సబ్బు రాసింది. "మీ చట్టం ఏమంటుంది?" అంది చివరికి.

కిమంత చేతిలోని ప్లేటు కింద పెట్టింది. ఈ క్షణం కోసం ఆమె నెలరోజులు ఆగింది. అంతకాలం ఆమె దేనికోసమూ ఆగి ఎరగదు. మొదటి సెక్షన్ నుంచి చెప్పడం మొదలుపెట్టింది. డోరీన్ ఆంటీ గుండిగలో తల దూర్చి తోముతూ మొత్తం వింది. మధ్యలో ఒకచోట మాత్రం, "ఆ ముక్క మళ్లీ చెప్పు" అంది.

వారం మార్చి వారం శని ఆదివారాలు రెండూ పూర్తి సెలవు, మిగతా ఆదివారాలు మధ్యాహ్నం నుంచి. రోజ్ తిరిగి వచ్చిన రోజునే ఆ మాట డోరీన్ ఆంటీయే చెప్పింది. రోజ్ విని, ఆలోచించి, ఆ మిగతా ఆదివారాలు కూడా ఉదయం నుంచే అయితే మంచిదంది. బేరం అక్కడే కుదిరింది.

గురువారం వచ్చింది. భానుమత్త పుస్తకం తెరిచి, బొటనవేలు తడిచేసుకుని, అందరూ చూస్తుండగా పేజీ తిప్పింది. యెల్లప్పగారు చప్పట్లు కొట్టాడు. కిమంత పెన్ను పట్టుకుని ముందుకు వంగింది. ఐదో పాఠం మొదటి ప్రశ్నను భానుమత్త నెమ్మదిగా చదివి, అర్థం చెప్పింది. మీరు ఉదయం ఎన్ని గంటలకు నిద్ర లేస్తారు?

"రోజ్, నీతో మొదలుపెడదామమ్మా."

రోజ్ వేళ్ల మీద లెక్కపెట్టుకుంది. "అ కత్ర్ ఓర్, మా." నాలుగింటికి.

తరగతి మొత్తం మెల్లగా డోరీన్ ఆంటీ వైపు తిరిగింది. ఆమె ఎవరినీ చూడలేదు. పుస్తకం చివరి పేజీ దాకా తిప్పి, ఇంకా ఎన్ని పాఠాలు మిగిలున్నాయో చూసుకుంటోంది.